కరెంటు పని వచ్చు, కరెంటు లెక్క రాదు

ఈసారి ఉత్తరం ఒక ఎలక్ట్రీషియన్ నుంచి. పేరూ ఊరూ రాయొద్దన్నారు, రాయను. వయసు నలభై నాలుగు. ఒక మండల కేంద్రంలో ఇరవై ఏళ్ళుగా ఇళ్ళ వైరింగు, మోటార్ల వైండింగు, ఇన్వర్టర్ బ్యాటరీల పని చేస్తున్నారు. పదో తరగతి లెక్కల్లో తప్పి అక్కడితో చదువు ఆపేశారు. ఒక్కతే కూతురు, ఇప్పుడు పదో తరగతి. ఏడు దాకా తెలుగు మీడియం, ఎనిమిది నుంచి ఇంగ్లిష్ మీడియం. "మిగతావన్నీ బాగానే చదువుద్ది మాస్టారూ. సోషల్లో క్లాసుకే ఫస్టు. ఫిజిక్సులో ప్రాబ్లమ్ కనబడితే మాత్రం పెన్ను కదలదు" అని రాశారు. మొన్నటి అర్ధ సంవత్సర పరీక్షలో భౌతిక రసాయన శాస్త్రాల పేపర్లో 50కి 19 వచ్చాయట.

పేపరు ఇంటికొచ్చిన రాత్రి జరిగిందేమిటో ఆయన మాటల్లోనే చదవండి. "కరెంటు పాఠంలో లెక్క తప్పు చేసింది. కరెంటు పనోడి కూతురివి, నీకు ఓమ్ నియమం రాదా అని అరిచాను. అది ఏడవలేదు. పుస్తకం తెచ్చి నా ముందు పెట్టి, అయితే నువ్వు చెయ్యి నాన్నా అంది. చదివాను. ఏం అడిగాడో నాకు తెలియలేదు. పుస్తకం విసిరి కొట్టాను, అట్ట ఊడిపోయింది. అప్పట్నుంచి నేను ఇంటికొచ్చే టైముకి పుస్తకాలు తీసుకుని వాళ్ళ నాయనమ్మ గదిలోకి పోయి తలుపేసుకుంటంది."

ఇక ఆయన అడిగినవి. ఊళ్ళో ట్యూషన్ సెంటరువాళ్ళు మార్చి పరీక్షల దాకా పన్నెండు వేలు అడుగుతున్నారు, కట్టమంటారా? అమ్మాయి తల్లితో ఇంటర్లో సీఈసీ తీసుకుంటానందట. ఎంపీసీ చదివించి ఎలక్ట్రికల్ ఇంజనీరుని చేయాలన్నది ఈయన కోరిక. దానికి ఫిజిక్స్ బుర్ర లేనట్టేనా? చివరిది చిన్న అక్షరాలతో రాశారు: "చదువు లేని నేను ఏమన్నా చేయగలనా, నోరు మూసుకుని ఫీజు కట్టడమే మేలా?" ఉత్తరంతో పాటు కూతురు తప్పు చేసిన మూడు లెక్కల్ని ఒక తెల్లకాగితం మీద తన చేత్తో ఎత్తిరాసి జతచేశారు.

ఆ కాగితం పంపినందుకు ముందుగా మీకు నమస్కారం. "ఫిజిక్సు రాదు" అన్న మాట జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో ముప్పై ఏళ్ళు విన్నాను. దాన్ని పట్టుకుని ఎవరికీ ఏమీ చెప్పలేం. తప్పు లెక్క అలా కాదు, పిల్ల ఎక్కడ ఆగిపోయిందో వేలుపెట్టి చూపిస్తుంది. అందుకని మీ ప్రశ్నల కంటే ముందు ఆ మూడు లెక్కలు చూద్దాం.

మొదటిది: 220 వోల్టుల లైనుకు 100 వాట్ల బల్బు తగిలించారు, బల్బు నిరోధం ఎంత? మీ అమ్మాయి 220ని 100తో భాగించి 2.2 ఓమ్‌లని రాసింది. వోల్టులని ఆంపియర్లతో భాగిస్తే ఓమ్‌లు వస్తాయన్న మాట, అంటే ఓమ్ నియమం, ఆమెకు గుర్తుంది. కానీ 100 అన్నది ఆంపియర్లు కాదు, వాట్లు. వాట్లంటే వోల్టులని ఆంపియర్లతో గుణించగా వచ్చేవి. కాబట్టి ముందు 100ని 220తో భాగించాలి, 0.45 ఆంపియర్ల చిల్లర వస్తుంది. అప్పుడు 220ని దానితో భాగిస్తే 484 ఓమ్‌లు.

ఇప్పుడు ఆ 2.2 ఓమ్‌ల బల్బుని ఒక ఎలక్ట్రీషియన్‌గా చూడండి. 220 వోల్టుల మీద అది లాగే కరెంటు 100 ఆంపియర్లు. మీరు ఇళ్ళకి పెట్టే మెయిన్ ఎంసీబీ, అదే కరెంటు హద్దు దాటితే తనంతట తాను పడిపోయే స్విచ్చి, 32 ఆంపియర్లదో, మహా అయితే 40దో. 22 కిలోవాట్ల లోడు అది, అంటే ఒక్క హోల్డర్లో పదకొండు గీజర్లు పెట్టినట్టు. స్విచ్చి వేసిన మరుక్షణం ఇల్లంతా చీకటి. ఈ సంగతి ఆ సెంటర్లో పాఠం చెప్పే కుర్రాడి కంటే మీకే ముందు తడుతుంది. ఆ రాత్రి ప్రశ్న పక్కన పెట్టి జవాబు చూసి ఉంటే "ఇదేం బల్బమ్మా, వీధి ఫ్యూజు పోదూ?" అని మీరే నవ్వేవారు.

రెండోది: గంటకు 36 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు బ్రేకు వేశాక 5 సెకన్లలో ఆగింది, ఈలోపు ఎంత దూరం పోయింది? ఆమె 36ని 5తో గుణించి 180 మీటర్లని రాసింది. ఇందులో తప్పులు రెండు. 36 అన్నది గంటకు కిలోమీటర్లు. గడియారంలో ఉన్నవి సెకన్లు, అడిగింది మీటర్లు. 36,000 మీటర్లు 3,600 సెకన్లలో అంటే సెకనుకు 10 మీటర్లు. పిల్లలు 5 బై 18 అని బట్టీ పట్టేది దీన్నే. రెండో తప్పు, కారు ఆ 5 సెకన్లూ ఒకే వేగంతో పోయినట్టు లెక్క కట్టడం. పదితో మొదలై సున్నాకి దిగింది, సమానంగా తగ్గిందనుకుంటే సగటున 5. 5 సెకన్లలో 25 మీటర్లు. మీ బండి మీద వెళుతూ 36లో బ్రేకు వేస్తే మూడు నాలుగు కరెంటు స్తంభాలు దాటాక గానీ ఆగలేదంటే మెకానిక్ దగ్గరికి తోసుకుపోతారా లేదా?

మూడోది సాంద్రత. 540 గ్రాముల లోహపు ముక్క, ఘనపరిమాణం 200 ఘన సెంటీమీటర్లు, సాంద్రతని ఘనమీటరుకు కిలోల్లో చెప్పమన్నాడు. ఆమె 2.7 అని రాసింది. భాగహారం సరిగ్గానే ఉంది, కాకపోతే ఆ 2.7 ఘన సెంటీమీటరుకు గ్రాములు. ఘనమీటరంటే నూటిని నూటితో, మళ్ళీ నూటితో గుణించినన్ని, అంటే 10 లక్షల ఘన సెంటీమీటర్లు. అన్ని 2.7 గ్రాములు కలిస్తే 2,700 కిలోలు. ఘనమీటరు లోహం 2.7 కిలోలే తూగితే అది దాదాపు గాలితో పోటీ పడుతున్నట్టు. మామూలు గాలే ఘనమీటరుకు కిలో పైచిలుకు ఉంటుంది. అన్నట్టు 2.7 అంటే అల్యూమినియం, మీ సర్వీసు వైరులోది.

మూడూ చూశాక నాకు అర్థమైంది చెబుతాను. గుణకారాలు, భాగహారాలు మూడింట్లోనూ ఒప్పే. సూత్రాలు కూడా ఎంతో కొంత గుర్తున్నాయి. లేనిదల్లా ఒక్కటే: ఈ అంకె ఏ వస్తువుది, ఏ కొలతది అని ఆగి అడిగే అలవాటు. రెండంకెలు కనబడగానే వాటికి సరిపోయే సూత్రం వెతికి అందులో పడేస్తోంది. బుర్ర లేని పిల్ల అలా చేయదు, తొందరపెట్టిన పిల్ల చేస్తుంది. తొందరపెట్టింది మీరొక్కరే అనుకోకండి, అందులో మా పంతుళ్ళ వాటా పెద్దది. ఓమ్ నియమానికి ఒక త్రిభుజం గీసి పైన వోల్టేజి, కింద కరెంటు, నిరోధం రాసి "కావలసినదాన్ని వేలితో మూయండి, మిగిలిందే జవాబు" అని నేనే పదేళ్ళు చెప్పాను. ఆ బొమ్మ వోల్టులూ ఆంపియర్లూ చక్కగా ఇచ్చినప్పుడు పనిచేస్తుంది. వాట్లు ఇస్తే పిల్ల వాట్లనే ఆ గడిలో కూర్చోబెడుతుంది. మీ అమ్మాయి పుస్తకంలో ఆ త్రిభుజం ఉందేమో చూడండి. ఉంటుందనే నా అనుమానం.

దీనికి తోడు మాటల చిక్కు ఒకటుంది, ఇక్కడ కాస్త ఆగాలి. మన ఇళ్ళలో "కరెంటు పోయింది" అంటాం, "పవర్ లేదు" అంటాం, "వోల్టేజి రావట్లేదు" అంటాం, మూడూ ఒకటే అన్నట్టు. ఫిజిక్స్ పుస్తకంలో అవి మూడు వేరువేరు మనుషులు. వోల్టేజి తోసేది, కరెంటు పారేది, పవర్ ఎంత జోరుగా పని జరుగుతోందో చెప్పేది. నాలుగోది, మీటరు తిరిగే యూనిట్టు, మొత్తం ఎంత వాడామన్నది. తెలుగు పుస్తకంలో శక్తి, సామర్థ్యం, బలం, పని అని నాలుగు వేరు మాటలున్నాయి గానీ బయట "వాడికి బలం ఉంది, శక్తి ఉంది" అని కలిపే వాడతాం. మీ అమ్మాయి ఏడో తరగతిదాకా శక్తి అన్నది ఎనిమిదిలో ఎనర్జీ అయింది, సామర్థ్యం పవర్ అయింది, యూనిట్ అన్న మాటకైతే "కొలత" అనీ "మీటరు యూనిట్టు" అనీ రెండర్థాలు. ఏది ఏదో సర్దుకునేలోపే పదో తరగతి వచ్చేసింది.

ప్రశ్నల్లోని ఇంగ్లిషు ఇంకో రకం. "స్టార్ట్స్ ఫ్రమ్ రెస్ట్" అంటే మొదట్లో వేగం సున్నా అని ఎవరో ఒకరు విడమరచి చెప్పాలి. "ఈజ్ డ్రాప్డ్" అంటే చేత్తో విసరలేదు, వదిలేశారు, అక్కడా మొదటి వేగం సున్నాయే. "కమ్స్ టు ఎ స్టాప్" అంటే చివర్న సున్నా. "యూనిఫామ్ వెలాసిటీ" అంటే త్వరణం సున్నా. ఇలాంటివి ఇరవై ఉంటాయి, అంతకు మించి ఉండవు. ప్రతిదీ ఒక అంకెని దాచుకున్న మాట. ఆ సున్నాలు కనబడని పిల్లకి "ఇచ్చినవి చాలవు, లెక్క ఎలా చేయాలి" అనిపిస్తుంది, పెన్ను ఆగిపోతుంది. ఆ రాత్రి మీకు అడ్డం పడింది కూడా ఇదే అయ్యుంటుంది. వంద వాట్ల బల్బు గురించి మీకు తెలియనిదేముంది కనుక?

ఇక దారులు.

ట్యూషన్ పెట్టొచ్చు. పన్నెండు వేలు మీకు చిన్న మొత్తం కాదని ఉత్తరంలోనే తెలుస్తోంది కాబట్టి కట్టేముందు అమ్మాయిని ఒక గంట కూర్చోబెట్టి చూడనిమ్మనండి, సాధారణంగా కాదనరు. ఆ గంటలో చూడాల్సింది ఒక్కటే: మాస్టారు ప్రశ్న చదవగానే బోర్డు మీద సూత్రం రాస్తున్నారా, లేక "ఏం జరుగుతోందిక్కడ, నువ్వు చెప్పు" అని పిల్లల్ని అడుగుతున్నారా? మొదటి రకమైతే డబ్బు వృథా అనను. పబ్లిక్ పరీక్షల్లో ఏటా తిరిగి తిరిగి వచ్చే నమూనాలుంటాయి, వాటిని రుద్దించి 19ని 30 చేయగలరు. కానీ ఎంపీసీలో చేరితే మొదటి సంవత్సరంలోనే చలనం, బలాలు, పని, శక్తి మళ్ళీ మొదట్నుంచి వస్తాయి, ఈసారి సమతలంలో చలనం, సదిశలు (వెక్టర్లు) కలుపుకుని. రుద్దించిన నమూనాలు అక్కడ చేతికి రావు. రెండో రకం మాస్టారు దొరికితే మాత్రం నేనైతే అప్పు చేసైనా కడతాను.

బడిలో మాస్టారుని కలవడం ఇంకో దారి, ఖర్చు లేనిది. ఆయన ముందు అరవై మంది ఉంటారు. "మా అమ్మాయికి ఫిజిక్స్ రావట్లేదు సార్" అంటే "ఇంట్లో బాగా చదివించండి" అంటారు, అంతకంటే ఏమంటారు పాపం. నాకు పంపిన కాగితమే ఆయనకి చూపించి, "కొలతలు మార్చకుండా లెక్కలోకి దిగిపోతోంది సార్, వారానికి ఐదు లెక్కలిస్తే చేయించి పంపుతాను, దిద్దుతారా" అనండి. ఏం తప్పో తెలిసి వచ్చిన తండ్రిని ఏ మాస్టారూ ఊరికే పంపడు. ఇందులో ఒక ఇబ్బంది ఉంది: అమ్మాయికి చెప్పకుండా వెళితే, తన తప్పులు ఊరంతా చాటుతున్నారనుకుంటుంది.

ఏమీ చేయకపోవడమూ ఒక దారే. పేపర్లో లెక్కలు కాసినే. నియమాలు, పటాలు, కారణాలు బాగా రాసి గట్టెక్కవచ్చు. ఇంటర్లో నిజంగా సీఈసీకే పోయేట్టయితే ఇది తెలివితక్కువ పని కాదు. కాకపోతే ఆ పాఠం ఇంట్లో పుస్తకం అట్ట ఊడిన రాత్రి దగ్గరే ఆగిపోతుంది.

నాలుగో దారి మీరు చిన్న అక్షరాలతో అడిగినది. మీరు చేయగలరా అని. చేయగలరు, కానీ అన్నిటికంటే ఇదే మీకు కష్టం. ఎందుకంటే "నాకూ తెలియదు" అన్న మాటతో మొదలుపెట్టాలి.

మీరు ఏ నియమం పేరు చెప్పి అరిచారో ఆ ఓమ్ గురించి ఒక ముక్క చెప్పనివ్వండి. గియోర్గ్ సైమన్ ఓమ్ 1789లో జర్మనీలోని ఎర్లాంగెన్‌లో పుట్టాడు. తండ్రి తాళాలు చేసే పనివాడు. బడి చదువు లేదు, పుస్తకాలు ముందేసుకుని తనంతట తాను నేర్చుకుని, ఆ నేర్చుకున్న గణితం, భౌతికశాస్త్రం ఇంట్లో కొడుకులిద్దరికీ చెప్పాడు. ఒకడు గణితవేత్త అయ్యాడు. రెండోవాడు బడిపంతులై, 1827లో మనం చెప్పుకుంటున్న నియమాన్ని అచ్చువేశాడు. మొదట్లో సొంత దేశంలోనే పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. లండన్ రాయల్ సొసైటీ పతకం ఇచ్చేసరికి 1841 వచ్చింది. పనిముట్లు పట్టిన చేతులతో పిల్లలకి లెక్కలు చెప్పిన తండ్రి మీకంటే ముందే ఒకాయన ఉన్నాడని చెప్పడానికి ఇదంతా.

మీరు చెప్పాల్సింది సూత్రాలు కాదు, అవి ఆమెకు వచ్చు. మీ దగ్గరున్నది ఆమె దగ్గర లేనిది: ఏ అంకె నమ్మదగినదో, ఏది కాదో. అందుకని పంపకం ఇలా పెట్టుకోవచ్చు. ప్రశ్నని అమ్మాయి తెలుగులో కథలా చెబుతుంది, ఒక్క అంకె కూడా లేకుండా: "ఒక కారు పోతోంది, బ్రేకు వేశారు, ఆగింది, ఎంత దూరం జరిగిందో కావాలి." మీరు వినాలి. మీకు అర్థమయ్యేదాకా చెప్పించుకోండి, నిజంగా అర్థం కాకపోతే ఇంకా మంచిది. తర్వాత ఆమె ఇచ్చిన అంకెల్ని ఒక్కో వరుసలో ఒక్కోటి, పక్కన కొలతతో సహా రాస్తుంది. ఆపైన సూత్రం, లెక్క ఆమెవి. జవాబు వచ్చాక మళ్ళీ మీ వంతు, "ఇది జరిగే పనేనా?" అని. రోజుకు రెండు లెక్కలు, ఇరవై నిమిషాలు, పనినుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని కాస్త తిన్నాక. ఆకలిమీద మాత్రం కూర్చోకండి.

మీ పనిలోంచే తీసుకుంటే ఇంకా బాగుంటుంది. మేడ మీద వెయ్యి లీటర్ల ట్యాంకు, నీళ్ళు పది మీటర్ల ఎత్తు ఎక్కాలి. వెయ్యి కిలోలు, గురుత్వ త్వరణం 9.8, పది మీటర్లు, గుణిస్తే 98,000 జూళ్ళు. పుస్తకంలో స్థితిశక్తి అనేది ఇదే. మోటారు అర హెచ్‌పీ. హెచ్‌పీకి 746 వాట్లని మీకు నిద్రలో లేపి అడిగినా తెలుసు, అంటే 373 వాట్లు, సెకనుకు 373 జూళ్ళు. భాగిస్తే 263 సెకన్లు, నాలుగున్నర నిమిషాల లోపే. కానీ ట్యాంకు నాలుగున్నర నిమిషాల్లో నిండదని మీ ఇంట్లో అందరికీ తెలుసు. ఒక ఆదివారం ఇద్దరూ గడియారం పట్టుకుని చూడండి. ఇరవై నిమిషాలు పట్టిందనుకోండి: 98,000ని 1,200తో భాగిస్తే నీళ్ళకి అందింది సెకనుకు 82 జూళ్ళు, 373లో నాలుగో వంతు కూడా లేదు. మిగతాది ఎటు పోయిందో మీకు తెలుసు: పంపు లోపల సుళ్ళు, పైపులో రాపిడి, ఎల్బోలు, అరిగిన బుష్షులు. ఆమె పుస్తకంలో దీన్ని దక్షత అంటారు. అదే 98,000 జూళ్ళని యూనిట్లలోకి మార్చమనండి. యూనిట్టుకి 36 లక్షల జూళ్ళు కాబట్టి 0.027 యూనిట్లే. "ఇంతే అయితే బిల్లు అంతెందుకొస్తోంది నాన్నా" అని తప్పకుండా అడుగుతుంది.

సాంద్రతకైతే మీ ఇన్వర్టర్ బ్యాటరీల హైడ్రోమీటరు చాలు. ఫుల్ చార్జైతే "గ్రావిటీ 1250" అంటారు కదా. మీ అమ్మాయి తప్పు చేసిన మూడో లెక్కలోని కొలతే అది. ఘన సెంటీమీటరుకు 1.25 గ్రాములు, ఘనమీటరుకు 1,250 కిలోలు. ఇరవై ఏళ్ళుగా మీరు ఆ మార్పిడిని చేత్తో పట్టుకు తిరుగుతున్నారు! వైండింగు వైరు అసలు రాగా, పైన రాగి పూసిన అల్యూమినియమా అన్న అనుమానం వస్తుంటుంది మీకు. 890 గ్రాముల వైరు చుట్ట నిండా నీళ్ళున్న గిన్నెలో ముంచి, పొర్లిన నీళ్ళు కొలవమనండి. అసలు రాగి అయితే 100 మిల్లీలీటర్ల దరిదాపుల్లో రావాలి, ఎందుకంటే రాగి సాంద్రత 8.9. రెండున్నర, మూడు రెట్లు పొర్లితే దుకాణంవాణ్ణి నిలదీయొచ్చు. కూతురు పట్టిన దొంగ అవుతాడు.

చలనానికి ఒక రైలు లెక్క చేయించండి. రాజమండ్రి దగ్గర గోదావరి మీది ఆర్చి వంతెన పొడవు సుమారు 2,745 మీటర్లు. 555 మీటర్ల రైలు గంటకు 54 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 15 మీటర్లతో దాన్ని పూర్తిగా దాటడానికి ఎంతసేపు? పిల్లలు 2,745ని 15తో భాగించి 183 సెకన్లంటారు. అప్పటికి ఇంజను దాటింది గానీ చివరి పెట్టె ఇంకా గోదారి మీదే ఉంది. రైలు పొడవు కలిపితే 3,300 మీటర్లు, 220 సెకన్లు. బొమ్మ గీసిన పిల్ల ఈ తప్పు చేయదు.

ఒక్క హెచ్చరిక. ఇంట్లో 230 వోల్టుల మీద ఆమె చేత ప్రయోగాలు వద్దు, మీరు పక్కనున్నా సరే. టార్చి బల్బు, రెండు సెల్లులు, మీ మల్టీమీటరు చాలు. సిరీస్ బోర్డు మాత్రం మీరే తగిలించి చూపించండి: 100 వాట్ల బల్బుతో వరసలో 750 వాట్ల ఇస్త్రీపెట్టె పెడితే బల్బు వెలుగుతుంది, పెట్టె వేడెక్కదు. ఎందుకని ఆమెని అడగండి. బల్బులోనూ పెట్టెలోనూ పారేది ఒకటే కరెంటు, బల్బు నిరోధం ఎక్కువ, కాబట్టి వోల్టేజిలో ఎక్కువ వాటా బల్బుదే. పరీక్షలో "60 వాట్ల, 100 వాట్ల బల్బుల్ని శ్రేణిలో కలిపితే ఏది ఎక్కువ వెలుగుతుంది" అని అడిగినప్పుడు ఆమెకి ఈ బోర్డే గుర్తుకొస్తుంది. వెలిగేది 60దే.

ఈ దారిలో నష్టం కూడా చెప్పాలి. మీరు మళ్ళీ ఒక్కసారి అరిస్తే ఇప్పటికంటే దూరం పెరుగుతుంది. మీ కోపం మీకు తెలుసు కాబట్టి, నిలబడలేననిపిస్తే ట్యూషనే మేలు, అందులో చిన్నతనమేం లేదు. ఇంకో సంగతి, మీరు పిలవగానే ఆమె రాకపోవచ్చు. రమ్మని బలవంతపెట్టకుండా ముందు ఆ పుస్తకానికి అట్ట అతికించి ఆమె బల్ల మీద పెట్టండి. తర్వాత ఏమంటారో మీ ఇష్టం. "ఆ లెక్క నాకు రాలేదు, అందుకే కోపం వచ్చింది" అంటే నిజం చెప్పినట్టే ఉంటుంది.

గ్రూపు సంగతి. అర్ధ సంవత్సర మార్కులు చూసి ఇప్పుడే తేల్చకండి, కూతుర్నీ తేల్చనివ్వకండి. ఫిజిక్స్ నుంచి పారిపోవాలనుకుంటే బైపీసీలోనూ అది ఉంది, పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్షలోనూ ఉంది. అది లేనివి సీఈసీ, ఎంఈసీ, హెచ్ఈసీ లాంటివే. అయితే సోషల్లో క్లాసుకే ఫస్టు వచ్చే పిల్ల సివిక్సు, ఎకనామిక్సు కోరడం పారిపోవడమే అని ఎందుకనుకోవాలి? ఇష్టమూ అయ్యుండొచ్చు. తెలుసుకోవాలంటే ఎవరూ లేనప్పుడు ఒకటి అడిగి చూడండి: "ఫిజిక్సులో నీకు 45 వచ్చి ఉంటే ఏ గ్రూపు తీసుకునేదానివి?" అప్పుడు కూడా సీఈసీ అంటే, ఎలక్ట్రికల్ ఇంజనీరన్నది మీ కలే తప్ప ఆమెది కాదు. ఎంపీసీ అంటే మాత్రం ఈ రెండు నెలలూ పనికొచ్చే నెలలు. "తెలియదు" అందనుకోండి, పదో తరగతి పిల్లకి అది సరైన జవాబే, ఫలితాలొచ్చేదాకా ఆగండి.

చివరగా ఒక చిన్న సంగతి, లేకపోతే రేపు మీరే నన్ను తిట్టుకుంటారు. 484 ఓమ్‌లు సరైన జవాబని చెప్పాను కదా, మీరు ఊరుకోరు. పాత 100 వాట్ల బల్బొకటి విప్పి మల్టీమీటరు పెడతారు. 484 రాదు, నలభై దరిదాపుల్లో ఏదో చూపిస్తుంది. లెక్కా తప్పు కాదు, మీటరూ తప్పు కాదు. లోపలి టంగ్‌స్టన్ తీగ మీరు కొలిచేటప్పుడు చల్లగా ఉంది. వెలిగేటప్పుడు దాని వేడి రెండు వేల డిగ్రీలు దాటుతుంది, అప్పుడు దాని నిరోధం పది రెట్ల పైన పెరుగుతుంది. ఈ జవాబు మాత్రం మీరు ముందే చెప్పేయకండి. మీటరు ఆమె చేతికిచ్చి, రెండంకెలూ పక్కపక్కన రాయించి, కాసేపు ఇద్దరూ తల గోక్కోండి.